యాభై ఐదో అధ్యాయం, ఒక నల్లపూసల గొలుసు

నేను పోలీసును కాను. అమెరికాలో ఓ మాదిరి ఊరి పోలీసు డిపార్ట్‌మెంట్‌లో అక్రిడిటేషన్ పని, అంటే పోలీసులు ప్రమాణాల ప్రకారం నడుస్తున్నారని బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు పని, చూసే సివిలియన్ ఉద్యోగిని. "పోలీస్ స్టేషన్లో నీకేం పనే?" అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "ఫైళ్ళు సర్దుతానమ్మా" అంటే ఆవిడకు ఆనదు. నిజానికి పని అదే. కాకపోతే 2024 జనవరి నుంచి 2025 మార్చి దాకా ఆ ఫైళ్ళు సర్దుతుంటే ఊహించని సంగతులు చాలా బయటపడ్డాయి. ఈ పనిలోకి రాబోయేవాళ్ళకీ, ఖర్మకాలి ఇక్కడ దొంగల పాలబడిన మనవాళ్ళకీ ఎంతోకొంత పనికొస్తాయని రాస్తున్నాను.

మాకు అక్రిడిటేషన్ ఇచ్చే సంస్థ పేరు చాంతాడంత ఉంటుంది: కమిషన్ ఆన్ అక్రిడిటేషన్ ఫర్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెన్సీస్. అందరూ 'కలీయా' అంటారు. 1979లో పుట్టింది. ఇందులో బలవంతం లేదు. డిపార్ట్‌మెంటే ఫీజు కట్టి, మమ్మల్ని పరీక్షించండి బాబూ అని అడుక్కోవాలి. నాలుగేళ్ళకో చుట్టు. ఏటా కొన్ని ప్రమాణాల చొప్పున ఎక్కడో కూర్చుని కంప్యూటర్లోనే మా ఫైళ్ళు తిరగేస్తారు. నాలుగో ఏడు మాత్రం మనుషులే దిగుతారు, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. మాకు 2024 ఆ పెళ్ళిచూపుల ఏడు.

జనవరి రెండో వారంలో మా లెఫ్టినెంట్ కలీయా ప్రమాణాల అధ్యాయాలు పంచారు. నా వాటాకు వచ్చినవాటిలో 55వది ఒకటి. బాధితులకూ సాక్షులకూ చేయాల్సిన సాయం గురించి. "55 తేలిక. ఒక్క పూటలో అయిపోతుంది" అన్నారాయన. ఏడాదికి పైనే పట్టింది.

అందులో అడిగేవి చూస్తే అంత కష్టమైనవేం కావు. మొదటిసారి ఇంటికి వెళ్ళిన ఆఫీసరు బాధితుడికి కేసు నంబరు చెప్పాలి. తర్వాత ఏం జరుగుతుందో చెప్పాలి. వైద్యం, కౌన్సెలింగ్, పరిహారం ఎక్కడ దొరుకుతాయో చెప్పాలి. నిందితుడో అతని మనుషులో బెదిరిస్తే ఏం చేయాలో చెప్పాలి. కేసు సంగతి కనుక్కోవడానికి ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి. దెబ్బ గట్టిగా తగిలినవాళ్ళని కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ పలకరించాలి. సాక్ష్యం కింద తీసుకున్న వస్తువుల్ని వీలైనంత త్వరగా తిరిగి ఇచ్చేయాలి.

'మళ్ళీ పలకరించాలి' అన్న చోట నేను ఆగిపోయాను. 2018 నవంబరులో, వేరే రాష్ట్రంలో, మా ఇంట్లో దొంగలు పడ్డారు. దీపావళి పార్టీ నుంచి వచ్చేసరికి వెనక తలుపు అద్దం పగిలి ఉంది. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు అన్నీ నేల మీద బోర్లించి ఉన్నాయి. మనవాళ్ళు బంగారం ఎక్కడ దాస్తారో వాళ్ళకు బాగా తెలుసు. వచ్చిన ఆఫీసరు మర్యాదగానే ఉన్నాడు. నలభై నిమిషాలు ఉన్నాడు. వేలిముద్రల కోసం బీరువా తలుపుల మీద నల్లపొడి కొట్టి, కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పొడి మేమే తుడుచుకోవాలని ఎవరూ చెప్పలేదు, నీళ్ళతో తుడిస్తే ఇంకా అంటుకుంటుందనీ చెప్పలేదు. ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళు నగల దొంగతనానికి 1,500 డాలర్లే అన్నారు. చాలా మామూలు పాలసీల్లో పరిమితి అంతేనట, నగలకు వేరేగా చేర్పించుకోవాలట. ఆ సంగతి దొంగతనం అయ్యాక తెలిసింది. ఇక పోలీసుల నుంచి ఫోన్ రాలేదు. మూడో వారంలో నేనే చేస్తే వాయిస్‌మెయిల్. ఆరు నెలలకు ఎవరో ఎత్తి, "కేసు ఇనాక్టివ్‌లో ఉందమ్మా" అన్నారు, అంటే పక్కన పెట్టేశారని. నగలు పోయినందుకు ఏడ్చింది రెండు రోజులే. ఆ ఆరు నెలల మౌనం మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

సరే, ఫైళ్ళ సంగతికి వస్తాను. ప్రతి ప్రమాణానికీ రెండు చూపించాలి. ఒకటి, 'మేం ఇలా చేస్తాం' అని రాసుకున్న ఉత్తర్వు. రెండోది, అలా చేశామనడానికి రుజువు. ఉత్తర్వు ముత్యంలా ఉంది. రుజువుకు ఏడాదికి రెండు మూడు కేసులు నమూనాగా పెడితే సరిపోతుంది. నాకు ముందున్నావిడ ఏటా మూడు చక్కటి కేసులు ఏరి పెట్టింది. "మూడు మంచివి తీసి పెట్టెయ్" అని నాకూ చెప్పారు. ఇది మోసమేం కాదు, చాలాచోట్ల జరిగేది ఇదే. ముగ్గు పెట్టి ఉన్న వాకిలినే ఫోటో తీసుకుంటాం గదా.

నాకెందుకో మనసొప్పలేదు. ఫిబ్రవరిలో గత మూడేళ్ళ కేసుల్లోంచి కళ్ళు మూసుకుని నలభై తీశాను. ఇళ్ళ దొంగతనాలు, దోపిడీలు, కొట్లాటలు. బాధితుడికి సమాచారం కార్డు ఇచ్చినట్టు టిక్కు 37 రిపోర్టుల్లో ఉంది. మళ్ళీ పలకరించినట్టు రాసి ఉన్నవి 9. ఆ తొమ్మిదిలో ఆరు ఒకే డిటెక్టివ్ చేసినవి.

రెండు రోజులు ఆ కాగితం డ్రాయర్లో పెట్టుకుని తిరిగాను. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇంగ్లీషులో నా యాస నాకే వినిపిస్తూ ఉంటుంది. పోలీసుల తప్పు పోలీసులకే చెప్పడానికి నేనెవర్ని? శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, అందరూ వెళ్ళిపోయే వేళ చూసి, లెఫ్టినెంట్ గది తలుపు తట్టాను. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. కోప్పడలేదు. "చేసి కూడా రాయలేదేమో. ఈ 31 మందిలో ఎవర్నైనా అడిగావా?" అన్నారు. అడగలేదు. బాధితుల్నే అడగొచ్చన్న ఆలోచన నాకు రాలేదంటే నమ్మండి. ఫైళ్ళతో బతికేవాళ్ళ జబ్బు ఇది.

మాకొక విక్టిమ్ అడ్వొకేట్ ఉంది, బాధితులకు సాయంగా ఉండే ఉద్యోగిని. వారానికి మూడు రోజులే వస్తుంది, గ్రాంటు అంతకే వస్తుంది కాబట్టి. 1984 నాటి చట్టం కింద వచ్చే డబ్బు అది. ఫెడరల్ కోర్టుల్లో దోషులు కట్టే జరిమానాలతో నిండే నిధి, పన్నుల సొమ్ము కాదు. ఆవిడా నేనూ కలిసి మార్చి నుంచి మే దాకా ఫోన్లు చేశాం. 31 మందిలో 19 మంది ఎత్తారు. ఐదుగురు "ఆ, ఎవరో చేశారు" అన్నారు. అంటే లెఫ్టినెంట్ అనుమానం కొంత నిజమే. పన్నెండు మంది ఎవరూ చేయలేదన్నారు. ఇద్దరు మమ్మల్ని సైబర్ దొంగలనుకుని పెట్టేశారు. వాళ్ళ తప్పేముంది, పోలీసులమని చెప్పి దోచేవాళ్ళు అంతమంది ఉన్నప్పుడు! ఆ తర్వాత నుంచి పద్ధతి మార్చాం. ముందు కేసు నంబరు చెప్పి, "నమ్మకం కుదరకపోతే పెట్టేయండి, డిపార్ట్‌మెంట్ నాన్ ఎమర్జెన్సీ నంబరు మీరే వెతుక్కుని దానికి చేసి మమ్మల్ని అడగండి" అనడం మొదలుపెట్టాం. మీకూ ఎప్పుడైనా అలాంటి ఫోన్ వస్తే అలాగే చేయండి.

ఆ పన్నెండు మందిలో ఒకావిడ మన తెలుగావిడ. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి నా పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు.

"మీరు తెలుగువాళ్ళా?"

"అవునండీ."

"పోలీసుల్లోనా?" అని, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "అమ్మ నల్లపూసలు దొరికాయా అండీ?" అంది.

2022 ఆగస్టు కేసు. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళమ్మగారి నల్లపూసలు, రెండు జతల గాజులు పోయాయి. "అమ్మకి వాళ్ళ అత్తగారు వేసినవండీ. మధ్యలో రెండు పగడాలు ఉంటాయి. అమ్మ ఆ డిసెంబరులో ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కూడా, వాళ్ళేమైనా ఫోన్ చేశారా అని అడిగింది." రిపోర్టులో చూస్తే ఆఫీసరు 'చైన్' అని ఒక్క ముక్క రాశాడు. అల్లుడుగారు మంగళసూత్రం లాంటిది అని చెప్పారట. పక్కన ఏదో స్పెల్లింగు పడింది, అది ఏ డేటాబేసులోనూ దేనితోనూ కలవదు. పగడాల ఊసే లేదు.

మర్నాడు ఎవిడెన్స్ రూమ్‌కి, అంటే సాక్ష్యం వస్తువులు దాచే గదికి వెళ్ళాను. అక్కడుండే పెద్దాయన నా మాట మీద కంప్యూటర్లో 'నల్ల పూసలు' అని ఇంగ్లీషులో కొట్టాడు. మూడు వచ్చాయి. మూడోది: 'నెక్లెస్, నల్ల పూసలు, ఎర్ర పూసలు 2, పచ్చటి లోహం.' తాకట్టు దుకాణం నుంచి స్వాధీనం, 2022 నవంబరు. అంటే వాళ్ళమ్మగారు విమానం ఎక్కడానికి నెల ముందే ఆ గొలుసు మా భవనంలో, మెట్ల కింద గదిలో, కాగితం కవర్లో ఉంది. దొంగ 2023 ఆగస్టులో నేరం ఒప్పుకున్నాడు, కేసు ముగిసింది. 'సొంతదారు తెలియదు' అన్న చీటీతో గొలుసు మాత్రం అక్కడే పడి ఉంది. కవరు కిటికీలోంచి రెండు పగడాలూ కనిపిస్తున్నాయి. నాకు చేతులు వణికాయి. పెద్దాయన "ఇది బంగారమా?" అని అడిగాడు. బంగారం కన్నా ఎక్కువని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక తలూపాను.

'పచ్చటి లోహం' అని రాసినందుకు ఆ తెలుగు అమ్మాయి తర్వాత చాలా నొచ్చుకుంది. మీరూ నొచ్చుకోకండి. పరీక్ష చేయించకుండా బంగారం అని రాయరు, అంతే.

దొరికింది కదా అని చేతిలో పెట్టేయరు. 2019 గృహప్రవేశం ఫోటోలో అమ్మగారి మెడలో అదే గొలుసు ఉండటం మా అదృష్టం, గుర్తింపు దాంతోనే అయింది. డిటెక్టివ్ విడుదల ఫారం రాయాలి. అది ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్ళి రావడానికి 17 రోజులు. సొంతదారు ఇండియాలో ఉన్నారు కనుక కూతురికి ఇవ్వమని నోటరీ చేయించిన ఉత్తరం కావాలన్నారు. స్కాన్ పంపితే మొదట కుదరదన్నారు, తర్వాత సరేనన్నారు, ఆ 'తర్వాత'కి నెల. ఎవిడెన్స్ రూమ్ వారంలో రెండు రోజులు, పొద్దున మూడు గంటలే తెరుస్తారు. ఆ అమ్మాయి రెండుసార్లు సెలవు పెట్టింది. ఫీజు మాత్రం ఏమీ లేదు. మేలో ఫోన్ చేస్తే సెప్టెంబరు 10న గొలుసు చేతికొచ్చింది. గాజులు దొరకలేదు.

నగలకు ఫోటోలు తీసి పెట్టుకోండి. పోయినప్పుడు పేర్లు చెప్పకండి, రూపం చెప్పండి: ఎన్ని పూసలు, ఏ రంగు, కొక్కెం ఎలా ఉంటుంది. కాసులపేరు, చంద్రహారం అంటే రాసేవాడికేం తెలుస్తుంది? మర్చిపోయింది గుర్తొస్తే అదే కేసు నంబరు మీద అదనపు రిపోర్టు రాయించొచ్చు.

ఆ నలభైలో ఇంకో కేసు గురించి ఎక్కువ రాయలేను, కుర్రాడెవరో తెలిసిపోతుంది. గ్యాస్ స్టేషన్లో రాత్రి పనిచేస్తుండగా తల పగలగొట్టారు. చదువుకునే వీసా మీద ఉండి ఆ పని చేయకూడదు కనుక అతనికి మా ఫోన్ ఎత్తడానికే భయం. ఆరో ఫోన్‌కి ఎత్తాడు, అదీ తెలుగులో మెసేజ్ పెట్టాక. మా రాష్ట్రంలో నేర బాధితుల పరిహారానికి వీసా ఏమిటని అడగరు. ఆసుపత్రి బిల్లు, కౌన్సెలింగ్, పోయిన జీతం వరకూ వస్తుంది. ఎత్తుకుపోయిన సొమ్ముకు రాదు. పోలీసులకు సహకరించిన బాధితులకు యూ వీసా అని ఒకటుంది. దానికి మా డిపార్ట్‌మెంట్ సంతకం చేసిన పత్రం కావాలి. సంతకం పడిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వెళ్ళాలి. ఏడాదికి పదివేలే కనుక వరస ఏళ్ళ తరబడి. ఈ సంగతులన్నీ ఆ అబ్బాయికి అప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. లాయరు దగ్గరికి పంపాం. తర్వాతి సంగతి నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

ఇక మార్పులు. పాత కార్డు మీద ఉన్న సమాచారం నాకే అర్థం కాలేదంటే దొంగతనం జరిగిన రాత్రి చదివేవాడికేం అర్థమవుతుంది! కొత్త కార్డు రాయడం నాలుగు రోజుల పని. లాయర్లు చూసి ఇవ్వడానికి ఐదు వారాలు. అచ్చుకు తొమ్మిది రోజులు. ఐదు వేల కార్డులకు 410 డాలర్లు. ఇంత తక్కువలో అయ్యే పని ఇన్నేళ్ళు ఆగిందా అనిపించింది. రిపోర్టు సాఫ్ట్‌వేర్లో 'పలకరించిన తేదీ' అనే గడి పెట్టడానికి మాత్రం కంపెనీ చెప్పిన ధర విని అందరం నోరు మూసుకున్నాం. గడి బదులు, రిపోర్టు చివర ఒక వాక్యం తప్పనిసరిగా రాయాలని ఉత్తర్వు ఇచ్చారు.

రోల్‌కాల్‌లో, అంటే షిఫ్టు మొదట్లో ఆఫీసర్లంతా చేరే చోట, పది నిమిషాలు నన్నే మాట్లాడమన్నారు. రాత్రి షిఫ్టులో ఒకతను, "మేం దొంగల్ని పట్టుకోవాలా, ఫోన్లు చేస్తూ కూర్చోవాలా?" అన్నాడు. నాకు కోపం రాలేదు. రాత్రి ఊరంతటికీ ఆరుగురే ఉంటారు. మా ఇంటి దొంగతనం సంగతి చెప్పాను, ఆరు నెలల మౌనం గురించి కూడా. అతను ఇంకేం అనలేదు, ఒప్పుకున్నాడనీ చెప్పలేను.

అక్టోబరులో కలీయా అసెసర్లు, అంటే మమ్మల్ని పరీక్షించేవాళ్ళు, వచ్చారు. ఇద్దరు, మూడు రోజులు. వేరే రాష్ట్రాల్లో పోలీసు పని చేసినవాళ్ళు, కనుక మన కాగితాల వెనక ఏముందో వాళ్ళకు ముందే తెలుసు. నా నలభై కేసుల పట్టిక ఫైల్లో పెట్టాలా వద్దా అన్నది చీఫ్ దాకా వెళ్ళింది. "పెట్టండి, సరిదిద్దిన కాగితాలతో సహా" అన్నారాయన. అసెసర్లలో ఆవిడ ఆ పట్టిక మీదే గంటసేపు కూర్చుంది. నేను లోలోపల పొంగిపోయాను.

ఆ పొంగు మర్నాడు చల్లారింది. ఆవిడ ఒక పెట్రోల్ కారు దగ్గర ఆగి, "ఈ రాత్రి ఎవరింట్లోనైనా దొంగలు పడితే వాళ్ళ చేతికి ఏమిస్తావు?" అని ఆఫీసర్ని అడిగింది. అతను ఎండ పడకుండా పెట్టే రేకు వెనక నుంచి కార్డు తీసిచ్చాడు. పాతది. కాఫీ మరక ఒకటి దాని మీద. ఆవిడ ఏమీ అనలేదు. తన ఫోన్ తీసి, కార్డు మీది నంబరు కొట్టి, స్పీకర్లో పెట్టింది. ఆరుసార్లు మోగింది. 2021లో రిటైరైన ఒక ఉద్యోగిని గొంతు పలికింది. తర్వాత, "మెయిల్‌బాక్స్ నిండిపోయింది" అని యంత్రం చెప్పింది. కారు పార్కింగులో నలుగురం నిలబడి అది విన్నాం. ఆ నిండిపోయిన మెయిల్‌బాక్స్‌లో ఎవరెవరి గొంతులు ఉన్నాయో అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

"పాత కార్డులు ఇంకా ఎన్ని కార్లలో ఉన్నాయి?" అని అడిగిందావిడ. తెలియదన్నాను. కొత్తవి పంచాం గానీ పాతవి వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రే సార్జెంట్లు 34 కార్లు వెతికి 212 కార్డులు ఏరారు. ఆ మెయిల్‌బాక్స్ తెరిపించడానికి ఐటీవాళ్ళకు నాలుగు రోజులు పట్టింది. అందులో 30 మెసేజ్‌లు. అడ్వొకేట్ ఒక్కొక్కటీ విని, దొరికినవాళ్ళకు దొరికినట్టు ఫోన్ చేసింది. రెండు మెసేజ్‌లు ఒకే ముసలాయనవి, ఏడాది తేడాతో, రెండింట్లోనూ అదే ప్రశ్న.

డిసెంబరులో వచ్చిన నివేదికలో కార్డు సంగతి ఒక పేరా ఉంది. సరిదిద్దారని కూడా ఉంది. మార్చిలో కమిషన్ ముందుకు వెళ్ళాలి. చీఫ్, లెఫ్టినెంట్, నేను. విమానం, హోటలు డిపార్ట్‌మెంట్‌వే. చీర కట్టుకోనా అని ఇంట్లో అడిగి, ఆఖరికి కోటు వేసుకున్నాను. వరండాలో యాభై నిమిషాలు కూర్చోబెట్టి, లోపల పన్నెండు నిమిషాల్లో తేల్చేశారు. వాళ్ళలో ఒకాయన పట్టిక తిప్పి, "నలభైలో తొమ్మిది అని మీరే రాసుకున్నారు. ఇప్పుడెంత?" అన్నాడు. చీఫ్ నా వైపు చూశారు. జనవరిలో మళ్ళీ నలభై తీసి లెక్కపెట్టి ఉన్నాను కాబట్టి బతికాం.

"28 సార్."

"మిగతా పన్నెండు?"

"ఏడుగురికి ఫోన్ కలవలేదు, ప్రయత్నించినట్టు రాసి ఉంది. ఐదుగురికి ఎవరూ చేయలేదు."

ఆయన ఏదో రాసుకున్నాడు. అంతే. తర్వాత ఓటింగులో అక్రిడిటేషన్ ఇంకో నాలుగేళ్ళకు వచ్చింది. ఫోటోలో చివర్న ఉన్నాను, సగం ముఖమే పడింది.

ఈలోగా ఆ తెలుగు అమ్మాయి ఒక ఫోటో పంపింది. వాళ్ళమ్మగారు నల్లపూసలు వేసుకుని, కళ్ళజోడు పైకి తోసి, ఫోన్ కెమెరాలోకి మరీ దగ్గరగా చూస్తున్నారు. కింద ఒక వాయిస్ మెసేజ్: "గాజుల సంగతి కూడా కాస్త చూడమ్మా."

చూస్తున్నాను. 'పచ్చటి లోహం' అని కొడితే మా ఎవిడెన్స్ రూమ్‌లో పేజీలకు పేజీలు వస్తాయి, మధ్యాహ్నం భోజనమయ్యాక రోజుకో పేజీ. నిన్న రాత్రి షిఫ్టు సార్జెంట్ నా బల్ల మీద రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి పెట్టి వెళ్ళాడు. అమ్మకానికి పెట్టిన పాత కారు డిక్కీలో దొరికాయట, ఇంకో పన్నెండు పాత కార్డులు.